గార్డు పెట్టే ఉంది

ఇంతకీ ఆ సూది ముక్క ఏమైందో, డాక్టరు వేలి ఎముకలోంచి లాగి గిన్నెలో వేస్తే టింగుమంది, అంతే, అంత చిన్న చప్పుడుకి ఇంత లావు ఫైలా అనుకుంటోంది ఆమె, ప్లీడరమ్మ బల్ల మీద కాగితాలు చూస్తూ, కుట్లు విప్పి రెండు నెలలైనా చూపుడువేలు వంగట్లేదు, ఎప్పుడూ ఎవరిదో తప్పన్నట్టు ముందుకే చూపిస్తోంది, దాన్ని ఒళ్లో సంచి కింద దాచుకుంది, భయపడకమ్మా అంటోంది ప్లీడరమ్మ, నువ్వు పరిహారం అడిగిన పన్నెండో రోజున ఉద్యోగంలోంచి తీసేశారు, ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెడితే చాలు, ఎందుకు తీశారో ఎవరికైనా అర్థమవుతుంది, ఉద్యోగం తిరిగి ఇమ్మని ఒక ఫిర్యాదు, వేలికి పరిహారం కోసం ఇంకొకటి, రెండూ వేయొచ్చు, కానీ గడువు ఈ నెలాఖరే, ఆ తర్వాత ఎంత ఏడ్చినా తలుపు తీయరు, ఆమెకి తలుపు అన్న మాటే వినపడింది, బట్టల ఫ్యాక్టరీ తలుపు, పదకొండేళ్లు కార్డు చూపిస్తే పచ్చలైటు వెలిగిన తలుపు, ఆరోజు ఎర్రలైటు వెలిగింది, సిస్టమ్‌లో నువ్వు లేవక్కా అన్నాడు గేటు దగ్గరతను, ఎదురుగా నిలబడ్డ మనిషితో, సరదాకి అన్నాడేమో అని నవ్వింది కూడా, ఛీ, ఎందుకు నవ్విందో.

గార్డు ఉన్నా నీ అజాగ్రత్త వల్లే జరిగిందని వాళ్ల వాదన, నిజమేనా అని అడుగుతోంది ప్లీడరమ్మ, నిజమేంటంటే వేలు లోపలికి పోకుండా సూది ముందు ఉండే ఆ ఇనప గార్డుని రోజూ పొద్దున్నే సూపర్‌వైజరే విప్పేవాడు, అందరూ స్టాప్‌వాచ్ అని పిలిచే మనిషి, స్క్రూడ్రైవరు పట్టుకుని వరసంతా తిరిగి గార్డులన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసుకునేవాడు, గార్డు ఉంటే చెయ్యి నెమ్మదిస్తుందట, గార్డు కావాలా నీకు, అయితే ఇంట్లో కూర్చుని దిండు గలీబులు కుట్టుకో తల్లీ అనేవాడు, అందరూ నవ్వేవాళ్లు, ఆమె అందరికంటే గట్టిగా, తనిఖీవాళ్లు వచ్చే రోజు మాత్రం డబ్బా తిరిగొచ్చేది, అదంతా చెప్పింది, మరి ఇది ఎవరైనా చెబుతారా కోర్టులో అంది ప్లీడరమ్మ, ఎవరు చెబుతారు, ఎవరి పిల్లలకి అన్నం వద్దు, మీ పక్క మిషన్ ఆవిడయితే ఇదిగో ఇలా రాసిచ్చింది అని ప్లీడరమ్మ కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది, గార్డు పెట్టే ఉంది, ఆమె తన సొంత నిర్లక్ష్యం వల్లే గాయపడింది, ఇది నేను కళ్లారా చూసి.

ఎవరి ఒత్తిడీ లేకుండా, అదే కదా తర్వాతి ముక్క, ప్లీడరమ్మ నోట్లోంచి రాకముందే ఆమెకి తెలుసు, పక్క మిషనావిడ కళ్లారా అన్న మాట జన్మలో వాడి ఉండదు, ఆవిడ భాష కాదది, ఆ కాగితం స్టాప్‌వాచ్ కంప్యూటర్లో ఉండేదే, పేరూ తేదీ మార్చడమే, కిందటేడు ఆ ఖాళీలో ఉన్న పేరు కాజాలమ్మాయిది, గుండీలకి కాజాలు కుట్టే మిషన్ మీద ఉండేది, రెండువేళ్లు పోయాయి, నెత్తురు తెల్లచొక్కాల కట్ట మీద పడితే స్టాప్‌వాచ్ ముందు చొక్కాలు పక్కకి లాగాడు, సాయంత్రం తన దగ్గరికొచ్చి ఒక్క సంతకమమ్మా, మామూలే, అందరం ఒక కుటుంబం అన్నాడు, కింద సంతకం చేసింది ఎవరు, వారం తిరక్కుండా ఫ్యాన్ కింద మిషన్ ఎవరికి ఇచ్చారు, ఇంట్లో ఆయన అడిగితే పనితనం చూసి ఇచ్చారని చెప్పింది, ఆయన నమ్మాడు, పాపం, ఇప్పటికీ నమ్ముతున్నాడు, నా పెళ్లాంలా కుట్టేవాళ్లు లేరంటాడు, కాజాలమ్మాయి మార్కెట్లో కనపడితే తను పక్క సందులోకి తిరిగేది, తేలు కుట్టిన దొంగలా, ఒకసారి ఆ పిల్ల అక్కా అని పిలిచింది కూడా, తను వినపడనట్టు నడిచింది, గబగబా.

ఏంటమ్మా, అలా చెమటలు పట్టాయి, నీళ్లు తాగుతావా, ఇలాంటిదే ఇంతకుముందు ఇంకెవరికైనా జరిగి ఉంటే మనకి చాలా బలం, అదే మాటలతో ఇంకో కాగితం దొరికితే కేసు నిలబడుతుంది, ఎవరైనా గుర్తొస్తున్నారా అంటోంది ప్లీడరమ్మ, లేదు అనొచ్చు, రెండక్షరాలు, ఎవరికీ తెలీదు, అవునంటే తనని జైల్లో పెడతారేమో, అబద్ధపు సాక్ష్యానికి ఎన్నేళ్లో, ఆయన మొహం ఎలా చూడాలి, కాజాలమ్మాయి గుమ్మంలోనే ఉమ్మేస్తే, ఉమ్మేసినా తప్పులేదు, పక్క మిషనావిడని పొద్దున్నుంచీ మనసులో తిడుతోంది, ఆవిడకి ఏ ఫ్యాన్ ఇచ్చారో, ఏది అన్నా భయమే, ఎటు తిరిగినా భయమే, ప్లీడరమ్మ పెన్ను పట్టుకుని ఆగి ఉంది, ఆ పెన్ను కదలాలంటే దారి ఒకటే, తను ఇప్పుడు నిజం చెబుతోందని లోకంలో ఎవరైనా నమ్మాలంటే, అప్పుడు అబద్ధం చెప్పానని ముందు తనే చెప్పాలి.