బస్తాకు లేని కాళ్ళు

నాకు పెళ్ళయి ముప్పైమూడు రోజులు. ఇన్ని రోజుల్లో అర్థం కానివి చాలా ఉన్నాయి గానీ, బండి నన్ను తికమక పెట్టినంతగా ఇంకేదీ పెట్టలేదు.

మా వాళ్ళలో పెళ్ళయ్యాక ఐదు శుక్రవారాలు కొత్త జంటను పుట్టింటికి భోజనానికి పిలుస్తారు. జుమాగీ అంటారు. నాలుగుసార్లూ అత్తగారి ఊరు మైదుకూరు నుంచి మా కోయిలకుంట్లకు మరిది తౌసిఫ్ ఆటోలోనే వెళ్ళాం. దిగిన ప్రతిసారీ మా చిన్నాయన, "అల్లున్ని తోలుకొచ్చినావా తౌసిఫూ" అనేవాడు. మా ఆయన ఉమర్ నవ్వేవాడు. ఆయనలో ఆ నవ్వొక్కటే నాకు నచ్చలేదు. చివరి జుమాగీకి నన్ను తానే బండి మీద తీసుకెళ్తానని ఉమర్ నాకు మాటిచ్చాడు.

ఉమర్‌కు చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. నడుస్తాడు కానీ ఆ కాలిమీద బరువు ఆపలేడు. అందుకని మెకానిక్ ఓబుళేశు మా మామగారి పాత బండిని ఉమర్‌కు తగ్గట్టు మార్చాడు. ఎడమకాలితో వేసే గేరును ఇంజను కిందుగా ఒక కడ్డీ పెట్టి కుడివైపుకు తెచ్చాడు. వెనక బ్రేకును చేతికిచ్చాడు. ఉమర్ ఒక్కడే వారం రోజులు మార్కెట్ యార్డులో తిరిగాడు. ఒక్కసారీ పడలేదు. ఆపినప్పుడు కుడికాలు ఆనించి ఎంత దర్జాగా నిలబడేవాడో. నేను గోడ పక్కన నిలబడి చూసేదాన్ని, ఊరికే.

బుధవారం యార్డులోనే నేను వెనక కూర్చున్నాను. అద్దంలో ఆయన కళ్ళు కనిపించాయి. ఆ సంతోషంలో నేనుండగానే బండి ఆగింది, మెల్లగా ఎడమకు ఒరిగింది, ఇద్దరం మట్టిలో ఉన్నాం. గాజులు రెండు పగిలాయి.

"బ్రేకు గట్టిగా పట్టుకుంటాండాదప్పా" అని ఓబుళేశు తీగ వదులు చేశాడు. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ పడ్డాం.

"నీ బరువెంతమ్మా?" అన్నాడు.

"యాభై."

గోడ దగ్గరికి వచ్చి చూస్తున్న మా అత్త మాబీకి చెప్పి, ఇంట్లోంచి యాభై కిలోల శనగల బస్తా తెప్పించాడు. దాన్ని సీటు మీద నిలబెట్టి కట్టారు. ఉమర్ మూడు చుట్లు తిరిగి, ఆరుసార్లు ఆపాడు. బస్తా పడలేదు.

నాకేమీ అర్థం కాలేదు. డిగ్రీ చదివినదాన్ని, బస్తాకున్న తెలివి నాకెందుకు లేదు?

"బస్తా నోరు మూసుకోని కూర్చుంటాది. నువ్వు వాని చెవులో ఏందేందో చెప్తాంటావు" అంది అత్త.

అది నిజమే. ఈసారి పెదవులు బిగించి కూర్చున్నాను. ఊపిరి కూడా సగమే పీల్చాను. ఆగిన చోటే మళ్ళీ పడ్డాం.

ఉమర్ లేచి మోకాలు దులుపుకున్నాడు. నా వైపు చూడలేదు.

"ఆటోలోనే పోదాంలే నఫీసా. శనగలు తోలేదానికి బాగుండాది బండి."

అదే నవ్వు. నాకు ఏడుపొచ్చింది. దించిన బస్తా పక్కనే కూలబడ్డాను. అది బాసింపట్టు వేసుకున్నట్టు నిండుగా, సూటిగా కూర్చుని ఉంది. నేనేమో రెండు కాళ్ళూ ఒక పక్కకు మడిచి, చీర సర్దుకుని, ఒరిగి.

"అన్నా," అన్నాను ఓబుళేశుతో, "బస్తాకు కాళ్ళుండవు కదా?"

"ఏందమ్మా, తలకేమన్నా తగిలిందా?"

"నావి రెండూ ఎడం పక్కనే కదా వేలాడేది."

ఓబుళేశు సీటును చూశాడు, నన్ను చూశాడు, ఉమర్ ఎడమకాలిని చూసి స్పానర్ కింద పెట్టేశాడు.

"అతను ఆపలేని పక్కకే నువ్వు తూగుతాండావు. వారం దినాలు ఇనుము మార్చినా గానీ, ఆడమనిషి ఎట్ల కూర్చుంటాదో చూళ్ళేదే నేను."

ఉమర్ అత్త వైపు చూశాడు. కొత్తకోడలు చెరో పక్క కాలేసి కూర్చోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. అత్త శనగల బస్తా వైపు చూసింది.

"చుడీదార్ వేసుకో" అంది. "జుమాగీ చీర సంచిలో పెట్టుకోని పో. మీ అమ్మోళ్ళింట్లో కట్టుకుందువు."

శుక్రవారం చాగలమర్రి, ఆళ్ళగడ్డ దాటి కోయిలకుంట్ల చేరేదాకా నేను నోరు మూయలేదు. మా ఇంటి ముందు చిన్నాయన నిలబడి మా వెనక రోడ్డును వెతుకుతున్నాడు.

"తౌసిఫ్ యాడప్పా?"

"వాడు ఇంట్లో ఉండాడు" అన్నాడు ఉమర్. కుడికాలు నేలకు ఆనించాడు. బండి నిలబడింది. నేను వెంటనే దిగలేదు.