పీచు ముడి

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్లకే సరిగ్గా గుర్తులేదు. భుజాన ఎప్పుడూ ఇనుప గునపం ఉంటుంది, మాట కూడా అలాగే దిగబడుతుంది, అందుకని ఊరంతా గునపమ్మ అనే పిలుస్తారు. నలభై ఏళ్లుగా కొండవాలు మీద మందువేర్లు తవ్వి దుకాణానికి ఇచ్చే మనిషి. ఆ కొండ మీద తవ్వుకోవడానికి సర్కారు ఇచ్చిన కార్డు ఒకటి ఆవిడ రొంటిన ఉంటుంది. స్నానానికి వెళ్తే తప్ప దాన్ని తీసి పక్కన పెట్టదు.

ఇప్పుడు ఆ కార్డుకే ఎసరు పెట్టారు.

ఏమైందంటే, దుకాణంలో బలానికని పొట్లం కొని కాచుకు తాగిన టీచరమ్మ ఒకావిడ వాంతులతో ఆసుపత్రిలో పడింది. మూడో నాటికి గండం గడిచింది గానీ, పొట్లంలో పిల్లిపీచర వేర్లతో పాటు అడవినాభి ముక్కలు కూడా ఉన్నాయని తేలింది. పిల్లిపీచర తాగే మందు. అడవినాభి కడుపులోకి వెళ్తే మనిషిని తీసుకుపోయే దుంప, నొప్పుల తైలంలో కలిపి ఒంటికి పైపైన రాస్తారంతే. తోలు తీసి ముక్కలు చేసి ఎండబెడితే రెండూ తెల్లగానే ఉంటాయి. రెండూ తెచ్చి ఇచ్చేది గునపమ్మే. ఇంకేం, షావుకారు వేలు సూటిగా ఆవిడ వైపు తిరిగింది.

తప్పు చేసుంటే గునపమ్మ ఒప్పుకునేదే, అంత మొండితనం ఏమీ లేదు. కానీ ఈ తప్పు ఆవిడ చేతుల్లో జరిగే వీలు లేదు. నాభి తవ్విన రోజు ఆవిడ ఇంకో వేరు జోలికి పోదు. దాని సంచి వేరు, దాని కత్తి వేరు. ఇంటికొచ్చి మోచేతుల దాకా బూడిదతో రుద్దుకున్నాకే మంచినీళ్ల కుండ ముట్టుకుంటుంది. ఇక పిల్లిపీచరని ఉడకబెట్టి, తోలు వలిచి, లోపలున్న పీచుని ఈ కొస నుంచి ఆ కొసకి లాగేస్తారు. అందరూ ఆ పీచు పారేస్తారు. గునపమ్మ మాత్రం ఏ కట్టలో వేర్ల పీచుతో ఆ కట్టనే కడుతుంది. వాళ్లమ్మ నేర్పిన పద్ధతి అది. నాభి దుంపకి పీచుండదు, సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది. ఒక్కో వేరూ చేత్తో పట్టుకుని పీచు లాగి కట్టే మనిషి కట్టలోకి పీచు లేని దుంప ఎలా దూరుతుంది?

ఈ పీచు మీద షావుకారుకీ ఆవిడకీ రెండేళ్లుగా గొడవే. చూడ్డానికి వెంట్రుకల్లా ఉన్నాయి, కొనేవాళ్లు మొహం చిట్లిస్తున్నారు, హాయిగా రబ్బరు బ్యాండు వేసి తీసుకురా అంటాడు ఆయన. తెచ్చింది ఏ వేరో రబ్బరు బ్యాండుకేం తెలుసని ఈవిడ అడుగుతుంది. చివరికి విసిగిపోయి ఆయనే అడగడం మానేశాడు.

సర్కారు తరఫున ఆఫీసరమ్మ దుకాణానికి విచారణకి వస్తుందనగా ముందు రోజు సాయంత్రం షావుకారు గునపమ్మ ఇంటికొచ్చాడు, ఎన్నడూ లేనిది కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు. చేతిలో టైపు చేయించిన కాగితం. వయసు మీద పడి చూపు ఆనక పొరపాటున కలిపేశానని అందులో ఉంది. దీని మీద సంతకం పెడితే ఆఫీసరమ్మ మందలించి వదిలేస్తుందట, కార్డు పోకుండా తను చూసుకుంటాడట, సరుకు ఎప్పట్లాగే కొంటాడట. తేనె పూసినట్టు మాట్లాడి కాగితం పెట్టి వెళ్లాడు.

కుట్టుమిషన్ల షాపులో పనిచేసే కూతురు ఆ కాగితం చదివి వినిపించింది. ఒక్క సంతకంతో పోయేదానికి ఎందుకమ్మా పంతం, షాపులో అందరూ అదోలా చూస్తున్నారు, నేను తలెత్తుకోలేకపోతున్నాను అంది. షావుకారు కాగితం కన్నా ఈ మాటే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది.

"చెయ్యని తప్పుకి సంతకం పెట్టిన చేత్తో రేపు మళ్లీ మందు తవ్వమంటావా?" అంది. ఆ పూట ఇద్దరూ సరిగ్గా తినలేదు.

పొద్దున్నే తల్లీ కూతుళ్లు దుకాణానికి వెళ్లారు. గోడ నిండా చెక్క సొరుగులు, ముందు తూకపు బల్ల, వెనక వేర్లు ఆరబోసే గది. ఆఫీసరమ్మ ఫైలు తెరిచి కూర్చుంది. షావుకారు తన పాటంతా పాడాక, నువ్వేమంటావని గునపమ్మని అడిగింది. ఆవిడ పీచు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఆఫీసరమ్మ ఓపిగ్గా విని, లేచి గోనెసంచులు ఒక్కొక్కటీ విప్పించింది. అన్నీ విడి వేర్లే. పీచు అన్నది మచ్చుకైనా లేదు.

నిజం చెప్పాలంటే అప్పుడు గునపమ్మకి భయం వేసింది. కిందటి వారమే నలభై కట్టలు ఈ చేతుల్తో ఇచ్చింది. అవన్నీ ఏమైనట్టు? షావుకారు వైపు చూసింది. ఆయన అప్పటికే సరిగ్గా ఉన్న సొరుగుని మళ్లీ లోపలికి తోస్తున్నాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఎవరితోనూ ఏమీ అనకుండా గునపం తీసుకుని ఆరబోసే గదిలోంచి పెరట్లోకి నడిచింది. అటెక్కడికి, అక్కడంతా చెత్త అంటూ ఆయన వెనకాలే పరిగెత్తాడు.

చెత్తే. గోడ వార మోకాలెత్తున ఉంది. గునపంతో ఒక్క పెళ్లగింపు పెళ్లగించింది. పైన చిత్తు కాగితాలు, కింద దుమ్ము, ఆ కింద ఆవిడ పీచులు. వంగి దోసిళ్లతో కొంగులోకి ఎత్తుకుని, లోపలికొచ్చి ఫైలు మీద గుమ్మరించింది.

"ఈ ముళ్లు నేను వేసినవి. ఒక్కటి కూడా ఊడలేదు చూడండి, పక్కన కత్తెరతో కోశారు. కోసిందెవరో ఆయన్ని అడగండి."

ఆఫీసరమ్మ ఒక ముడిని వెలుగులో పెట్టి చూసింది. గోళ్లతో విప్పబోయింది, రాలేదు. షావుకారు నీళ్లు నమిలాడు. నమిలి నమిలి చివరికి కక్కాడు. కొనేవాళ్లు వెంట్రుకలనుకుంటున్నారని కట్టలన్నీ తనే కోసి, పొట్లాలకని కొన్ని వేర్లు ముక్కలు చేసి పళ్లెంలో పోశాడు. పక్క పళ్లెంలో నాభి ముక్కలు ఆరుతున్నాయి. మోచెయ్యి తగిలి రెండూ కిందపడ్డాయి. రెండూ తెల్లగానే ఉన్నాయి కదా అని చూపుకి ఆనినట్టు ఏరి, ఏ పళ్లెంలోవి ఆ పళ్లెంలో వేశాననుకున్నాడు.

ఆఫీసరమ్మ సంచులకి సీలు వేయించింది. ఆవిడ అటు తిరిగిన సందు చూసి షావుకారు గొంతు తగ్గించి, ఇక మీదట కొయ్యనత్తా, నీ పీచుతోనే తీసుకురా, ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పో అన్నాడు.

"టీచరమ్మ చచ్చిపోయుంటే నన్ను జైలుకి పంపి నువ్వు రబ్బరు బ్యాండ్లు వేసుకునేవాడివి. నా వేరు నీ గుమ్మం తొక్కదు."

రేపటి నుంచి సరుకు ఎవరు కొంటారో ఆవిడకి తెలియదు. ఆ బెంగ ఉండనే ఉంది. అయినా వెనక్కి తగ్గలేదు.

ఆఫీసరమ్మ కొత్త కాగితం తీసి వాంగ్మూలం చెప్పమంది. గునపమ్మ క్షణం ఆలోచించి, "నేను కట్టాను. ఆయన కోశాడు" అంది. ఇంకేమైనా రాయాలా అంటే అక్కర్లేదంది. కూతురు ఆ రెండు ముక్కలూ పైకి చదివింది. చదివి, తనే ఆ కాగితాన్ని తల్లి ముందుకి జరిపింది.

"ఏదమ్మా ఆ పెన్ను? నిన్నటి నుంచీ సంతకం సంతకం అని ప్రాణం తీస్తున్నారుగా."

బల్ల మీదకి వంగి, గునపం పట్టినట్టే పిడికిలితో పెన్ను పట్టుకుని, ఊళ్లో ఎవరూ పిలవని తన అసలు పేరు పూర్తిగా రాసింది. సంతకానికి వదిలిన చోటు చాలక ఆ పేరు కాగితం అంచు దాకా పోయింది.