సేనాని నడికట్టు

చంపా రాజ్యంలో ఏరు సముద్రంలో కలిసేచోట కోట బట్టలు ఉతికేది ము తాంగ్. రోజూ పొద్దున్నే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బండకేసి బాదేది. రాజులు అన్నదమ్ముల్ని నరికి గద్దెనెక్కే ఊరు కాబట్టి బట్టలకు మరకలు తప్పేవి కావు. నీళ్ళు తగలగానే నెత్తురు గుడ్డను వదిలి, ఎర్రటి పోగులా ఒడ్డెక్కి, అది ఎవరిదైతే వాళ్ళ ఇంటివాళ్ళ దగ్గరికి పాక్కుంటూ పోయేది. దారిన పోయేవాళ్ళు తొక్కకుండా తప్పుకునేవాళ్ళు. అంతే.

ఆ ఏడు ఉత్తరాది యుద్ధం నుంచి ఓడలు తిరిగొచ్చాయి. ము తాంగ్ కొడుకు జా లావ్ రాలేదు.

“శత్రువులతో కలిసిపోయాడు ప్రభూ,” అన్నాడు సేనాని పో క్లోంగ్.

ద్రోహి భార్యను ఏనుగుతో తొక్కించడం అక్కడి శిక్ష. జా లావ్ భార్య కెయ్‌కి అప్పుడు ఏడో నెల.

కాళ్ళు పట్టుకుందామని ము తాంగ్ సేనాని ఇంటికి పరిగెత్తింది. ఆయన నడికట్టు మీద అట్టకట్టిన మరక చూసి ఆగిపోయింది.

“అది ఇటివ్వండి దొరా, ఉతికి తెస్తా.”

“అక్కర్లేదు. గెలుపు గుర్తుగా ఉంచుకున్నా.”

“ముప్పై ఏళ్ళుగా మీ బట్టలు ఉతుకుతున్నా. ఇన్నాళ్ళూ ఒక్క మరకైనా ఉంచుకున్నారా?”

పో క్లోంగ్ ఆమెను డొక్కలో తన్ని బయటికి గెంటించాడు.

మధ్యాహ్నం ఇసుక మైదానంలో కెయ్‌ని గుంజకు కట్టేశారు. అంతకుముందే ఇద్దరిని తొక్కిన ఏనుగు కాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. గొడుగు కింద రాజు, పక్కన సేనాని. చావబోయే కోడలికి కడసారి నీళ్ళు తాగించడం అత్త హక్కు. పక్కటెముకలు కలుక్కుమంటుంటే ము తాంగ్ కుండెత్తుకుని వచ్చింది. కోడలి దగ్గరికి పోలేదు. తిన్నగా గొడుగు కిందికి పోయి, సేనాని నడుము మీద కుండ గుమ్మరించింది.

భటుడి బల్లెం ఆమె భుజంలో దిగింది. అప్పటికే నెత్తురు నడికట్టును వదిలి, ము తాంగ్ పాదాలను తాకి, ఏనుగు కాళ్ళ మధ్య నుంచి పాకుతూ పోయి, కెయ్ పాదాలను చుట్టుకుంది.

రాజు సేనాని వైపు తిరిగాడు. “మన మనిషినే పొడిచావా?”

“వెనక్కి తగ్గుదామన్నాను ప్రభూ. నలుగురిలో వాడు నన్ను పిరికివాడన్నాడు...”

“ఆ పిల్లను విప్పి వీణ్ణి కట్టండి.”

పో క్లోంగ్ కేక, ఆ వెంటనే ఎముకలు విరిగిన చప్పుడు. ము తాంగ్ అటు చూడలేదు. కెయ్ ఇసుకలో కూలబడి, పైగుడ్డ తీసి ఆ నెత్తుటికి నీడ పట్టింది.

“ఎండిపోతాడత్తా, ఎట్లా?”

ము తాంగ్ భుజాన్ని అదిమి పట్టుకుని రెండో చెయ్యి అందించింది.

“ఏం కాదు. లేచి నడువమ్మా. వెనకే వస్తాడు.”