మెస్ ముందు కుడితి గోలెం

డబ్బాలకు ఆకుపచ్చ, నీలం రంగులు వేయాలి. తడి చెత్త, పొడి చెత్త అని పెద్ద అక్షరాలతో రాయాలి. గది గదికీ తిరిగి చెప్పాలి. ఎరువు గుంత తవ్వించాలి. మహబూబ్‌నగర్ అవతల ఒక క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదివే భాగ్యశ్రీ, అమ్మాయిల హాస్టల్ కోసం రాసుకున్న ఈ పనులన్నీ దసరా సెలవులకు ముందే పూర్తిచేసింది.

అయినా గుంతలో అన్నం కంపు కొట్టిందే తప్ప ఎరువు కాలేదు. అన్నం కాళ్ల కింద పడకూడదని ఇళ్లలో నేర్పిన మర్యాద. అందుకే అమ్మాయిలు మిగిలిన మెతుకులను కవర్లో పెట్టి, గట్టిగా ముడివేసి మరీ తడి డబ్బాలో వేస్తున్నారు. ఆ ముడులు విప్పాల్సింది ఊడ్చే బిక్షమ్మ. ఎన్నని విప్పుతుంది? వార్డెన్ స్వరూప మేడం మాత్రం ఆమెనే తప్పుపట్టింది. శనివారంలోగా కవర్లు ఆగకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని చెప్పేసింది.

తను మొదలుపెట్టిన పని బిక్షమ్మ మెడకు చుట్టుకునేసరికి భాగ్యశ్రీ ఆమె దగ్గరికే వెళ్లింది. ఇంకో పోస్టర్ రాస్తానని, గదులన్నీ మళ్లీ తిరుగుతానని చెప్పింది. బిక్షమ్మ చీపురు గోడకానించింది.

“మీ ఇంట్ల కుడితి గోలెంల ఎన్నడన్న కవరు ఏసినవా బిడ్డా?”

“బర్రె సస్తది గద పెద్దమ్మా. మా అవ్వ వీపు పలగ్గొడ్తది.”

“మరి గీ పోరిలంత యాడికెల్లి వచ్చిన్రు? బర్రెలున్న ఇండ్లకెల్లే గద. తడి, పొడి అని రాస్తే ఏం సమజైతది? కుడితి అని రాయి.”

ఆ రోజే తడి డబ్బా తీసేసి మెస్ ముందు సిమెంటు గోలెం పెట్టారు. పక్క ఊరి రామచంద్రం రోజూ పొద్దున్నే వచ్చి తోడుకుపోయేలా బిక్షమ్మే మాట్లాడింది. ‘కుడితి, రామచంద్రం బర్రెలకు’ అని భాగ్యశ్రీ సుద్దతో రాసింది. తొక్కలు, ఆకులు మాత్రం గుంతకు పోయాయి.

మొదటి రోజు మూడు కవర్లు పడ్డాయి. దేవరకొండ పిల్ల మనీష వాటిని తీసి అందరి ముందూ ఎత్తిచూపింది. “గిది మింగి బర్రె సస్తే పాపం ఎవలికి?” అని అడిగింది. మర్నాడు ఒకటే పడింది. శనివారం స్వరూప మేడం వచ్చి కర్రతో అడుగుదాకా కలిపి చూసింది. ఒక్క కవరూ తేలలేదు. వచ్చే నెల డ్యూటీ పట్టీలో బిక్షమ్మ పేరు తన చేత్తోనే రాసింది.

ఈ గోలెం గురించి భాగ్యశ్రీ రాసిన నివేదిక ఇప్పుడు వేరే కాలేజీలకూ పోయింది. అందులో బిక్షమ్మ పేరు రాస్తే ఆఫీసులో కొట్టేశారు. అందుకే చదివేవాళ్లకు ఒక్క మనవి. మీ హాస్టల్ ముందు ఎప్పుడైనా ఇట్లాంటి గోలెం పెడితే, ఈ ఉపాయం చెప్పింది బిక్షమ్మ అని గుర్తుపెట్టుకోండి.