నలభై ఇళ్ల గాలి

"నూనె పొగ హాల్లోకి వస్తోంది, ఆ వంటింటి తలుపేసుకో," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా. ఆమె వేసుకుంది. పెళ్లయిన పందొమ్మిదేళ్లుగా వేసుకుంటూనే ఉంది, ఇందులో కొత్తేముంది! పోనీ కిటికీ తెరుద్దామంటే అత్తగారు ఊరుకోదు. "దుమ్మంతా గిన్నెల్లో పడుతుందమ్మాయ్, మూసెయ్" అంటుంది. ఇక లోపల మిగిలేది ఆమె, పొగ, దగ్గు. ఆ దగ్గుకీ హాల్లోంచి ఓ జవాబు తయారు: "గాలి మీద అంతంత చదువులు చదివావు, ముందు నీ దగ్గు సంగతేదో చూసుకోరాదూ?" భర్త జోకుకి అత్తగారి నవ్వు తోడు.

చదివిన మాట నిజమే. గాలిలో తేలే దుమ్మూ, కంటికి ఆనని పొగ నుసీ ఎంతుందో కొలవడమే ఆమె ఉద్యోగం. ఆ పొద్దున అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఓ డబ్బా ఆమె భుజానికి వేలాడుతోంది. మనిషి పీల్చే గాలిని నిమిషం నిమిషం కొలిచే పరికరం అది. రిపేరు నుంచి వచ్చింది కదా, పనిచేస్తోందో లేదో చూద్దామని నిన్న ఆఫీసులో తగిలించుకుని, ఇంటికి పరిగెత్తే హడావిడిలో విప్పడం మర్చిపోయింది. రాత్రి వంట, తెల్లారి వంట, అంట్లు, ఊడ్పు, అన్నీ దాంతోనే అయ్యాయి. "ఆవుకి గంట కట్టినట్టు ఏమిటమ్మా అది?" అని అత్తగారు అడిగేదాకా ఆమెకి గుర్తే లేదు.

ఆఫీసుకెళ్లి డబ్బాని కంప్యూటరుకి తగిలిస్తే తెరమీద గీత నిట్టనిలువుగా లేచింది. పొద్దున ఆరున్నరకి, అంటే సరిగ్గా తలుపేసుకున్నాక, ఘనమీటరు గాలిలో నాలుగు వందల పది మైక్రోగ్రాముల నుసి. అరవై దాటితేనే ప్రమాదమని లెక్క. ఆమెకి వెంటనే తట్టిన మాట, పరికరం పాడైందని. తన ఊపిరితిత్తులు పాడవుతున్నాయేమోనని తట్టలేదు, చూడండి! పెద్ద యంత్రం పక్కన పెట్టి మూడు గంటలు పోల్చి చూసింది. డబ్బా గుండ్రాయిలా ఉంది.

మరి తన సర్వేలో నలభై ఇళ్లకీ కలిపి లెక్క ముప్ఫై ఎనిమిదే ఎలా వచ్చింది? ఏడాదిగా ఆమె నెత్తినేసుకుని చేసిన సర్వే అది. చిరుద్యోగుల పాత క్వార్టర్లలో నలభై ఇళ్లు, ఇంటికొకరు చొప్పున వారంపాటు ఇదే డబ్బా తగిలించుకున్నారు. సగటు ముప్ఫై ఎనిమిది. ఇళ్లలో గాలికి ఢోకా లేదని రిపోర్టు తయారైపోయింది. గురువారం మధ్యాహ్నానికి పైకి వెళ్లాలి. అది వెళ్తే ఆ వంటిళ్లకి పొగ లాగే ఫ్యాన్లు పెట్టాలన్న ప్రతిపాదన అటకెక్కుతుంది. ఆరేళ్లుగా ఊరిస్తున్న విభాగాధిపతి కుర్చీ మాత్రం ఆమెకి వస్తుంది.

బీరువాలోంచి సర్వే ఫారాలు తీసి ఒక్కొక్కటే తిప్పింది. పైన మొదటి గడి, ఇంటి పెద్ద పేరు. ఆ గడిలో ఎవరి పేరుంటే వాళ్ల భుజానికే డబ్బా కట్టి వచ్చింది. నలభైకి నలభై మందీ మగవాళ్లే. వంట అవుతుంటే హాల్లో కూర్చుని, తినేసి ఆఫీసుకి పోయి, పొద్దుపోయాక ఇల్లు చేరేవాళ్లు. ఆ ఫారం రాసిందెవరంటే, ఇంకెవరు, తనే. ఏడో ఇంట్లో భార్య అడిగింది కూడా, "నేను పెట్టుకోనా మేడమ్? ఆయన ఇంట్లో ఉండేదే తక్కువ" అని. "ఫారంలో సార్ పేరుందమ్మా" అని నవ్వుతూ చెప్పి వచ్చేసింది. ఎంత తేలిగ్గా చెప్పింది!

డైరెక్టరు దగ్గరికి వెళ్లి, వంట చేసేవాళ్ల గాలి కొలవనే లేదని చెప్పింది. విజిటర్లకి టీలు పురమాయించడం దగ్గర్నుంచి మీటింగులో ఎవరేమన్నారో రాయడం దాకా అన్నీ ఆమెచేతే చేయించుకుంటాడాయన.

"మంచివారే మేడమ్, ఇప్పుడా చెప్పడం? అయినా వంట పొగ కూడా ఓ పొగేనా? మా అమ్మ డెబ్బై ఏళ్లదాకా వండింది."

"ఎలా ఉన్నారు సార్ ఆవిడ?"

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "పోయిందిలెండి. ఆయాసం. అది వయసు వల్ల."

బుధవారం సాయంత్రం కంచాల ముందు భర్త తేల్చేశాడు. "నలభై ఇళ్లు ఒకటి చెబుతుంటే నీ ఒక్కదాని డబ్బా మాట ఎవడు వింటాడు? కోరి తలనొప్పి తెచ్చుకోకు. సంతకం పడేస్తే నీ సొమ్మేం పోయింది?"

నిజం చెప్పాలంటే ఆమెకీ పడేయాలనే ఉంది. మళ్లీ నలభై ఇళ్ల మెట్లు ఎక్కాలి, మళ్లీ ఏడాది, ఆ ఏడాదంతా ఇంట్లో రెండు పూటలా వంట ఎలాగూ తప్పదు. నలభై ఆరేళ్లొచ్చాయి, మోకాళ్లు తన మాట వినడం మానేశాయి. ఒక్కసారి, ఒక్కసారైనా గదిలో తన పేరున్న కుర్చీలో కూర్చుని, ఎవరో తెచ్చిచ్చిన టీ తాగాలని ఉంది. అందులో తప్పేముంది? ఎవరికి తెలుస్తుంది? తెలిసేదల్లా తనకే. అదే వచ్చింది చిక్కు. ప్రాణం విసిగిపోయింది ఆమెకి, అబద్ధం మొయ్యడానికి కూడా ఓపిక కావాలి కదా, అదీ లేదు.

గురువారం పదకొండింటికి రిపోర్టు ఆఖరి పేజీలో రెండు వాక్యాలు చేర్చింది. ఈ నలభై ఇళ్లలో వంట చేసే మనిషి పీల్చే గాలిని మేం కొలవలేదు. పొరపాటు నాది. దానికింద సంతకం పెట్టి డైరెక్టరు బల్లమీద ఉంచింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి, "ఇక ఆ కుర్చీ మాట మర్చిపోండి మేడమ్" అన్నాడు. "సరే సార్" అంది. ఏడుపొస్తుందేమో అనుకుంది గానీ రాలేదు.

తన బల్ల దగ్గరికొచ్చి ఒకటో నంబరు ఇంటికి ఫోను చేసింది. ఒకావిడ తీసింది.

"ఆయన ఆఫీసుకెళ్లారండీ. సాయంత్రం చెయ్యండి."

"ఆయనతో పని లేదమ్మా. మీతోనే. ఈసారి మీరు పీల్చే గాలి కొలవాలి."

అవతల నూనెలో ఏదో చిటపటమంటోంది.

"నాదా?" నవ్వేసిందావిడ. "నేను ఇంట్లోనే కదండీ ఉండేది, నాదేం కొలుస్తారు?"