తివాచీల షెడ్డులో చదివే మనిషి

బూరుల్ పొగలు కక్కుతున్న కెటిల్‌ను రెండు చేతులా పట్టుకుని, రెల్లు చాప మీద పరిచిన ఉన్నిపై వేడినీళ్లు చల్లుతోంది. ముందు అంచులు, తరువాత మధ్య. ఇది నేసే తివాచీ కాదు, తడి ఉన్నిని దొర్లించి గట్టిపరిచేది. ధార ఒకేచోట పడితే ఉన్ని జరిగిపోయి, తివాచీ అక్కడ పలచబడుతుంది. ఆమె పొట్టి మనిషి. వెడల్పాటి చెంపలు చలిగాలికి పగిలి ఎర్రబడ్డాయి. తలగుడ్డ కిందనుంచి నెరిసిన జడలు రెండు వీపు మీదికి దిగాయి. కెటిల్ సగం ఖాళీ కాకముందే ఆమె పెదవులు నీలంగా మారాయి.

"ఇటివ్వు," అంటూ జూరా కెటిల్ లాక్కుంది. "ఉన్ని మీద పడి చచ్చేవు. తివాచీ పాడవుతుంది."

"సగమేగా పోశాను."

"సగం చాల్లే. పోయి కూర్చో."

జూరా ఆ షెడ్డుకు పెద్ద. బలమైన మెడ, మగవాడి గొంతు. పోయిన వారం అందరి ఎదుటా చెప్పేసింది: "వచ్చే నెలనుంచి ఇంట్లోనే ఉండు, బూరుల్. నీ గుండె ఈ పనికి పనికిరాదు." మాట కటువుగా ఉన్నా అందులో అబద్ధం లేదు. మోకాళ్ల మీద వంగి, తడి ఉన్ని చుట్టను మోచేతులతో ముందుకూ వెనక్కీ దొర్లించే బలం బూరుల్‌కు రెండేళ్లుగా లేదు. ఆమె వంతు మిగతా ఆడవాళ్లు దొర్లిస్తున్నారు. బదులుగా ఆమె వాళ్లకు చదివి వినిపిస్తోంది. అది పనేనా అని జూరా అడగలేదు. బూరుల్ మాత్రం రోజూ తనను తాను అడుగుతూనే ఉంది. ఇంట్లో కూర్చుంటే పుస్తకాలు ఉంటాయి, వినేవాళ్లు ఉండరు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆమె కెటిల్ కోసం చెయ్యి చాచేది.

గోడవారన ఉన్ని మూటల మధ్య ఆమె చోటు. నడుము ఆనించి కూర్చుని కళ్లద్దాలు తగిలించుకుంది.

బూరుల్ చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. చదవడం మాత్రం ఆగలేదు. గొర్రెల వెంట కొండ మీదికి వెళ్లినా, కూతురికి పాలిస్తున్నా ఒళ్లో పుస్తకం ఉండేది. భర్త గడ్డి లారీ నడిపేవాడు. "మా ఆవిడ ఒక చేత్తో గంటె, ఇంకో చేత్తో పుస్తకం తిప్పుతుంది" అని స్నేహితుల దగ్గర ఎగతాళి చేసేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ అదే మాట గొప్పగా చెప్పుకునే మాటయింది. ఏ ఊరికి సరుకు తోలినా ఒక పుస్తకం తెచ్చేవాడు. అట్ట మీది బొమ్మ చూసి కొనేవాడు, లోపల ఏముందో అతనికి పట్టేది కాదు. గుర్రం మీద మనిషి ఉంటే ఖాన్‌ల కథ, పాతకాలపు రాజులది. పొయ్యి దగ్గర ఆడమనిషి ఉంటే సంసారం కథ. బూరుల్ రెండూ చదివింది, రెండింటినీ ఒకే ఆకలితో చదివింది. ఖాన్‌ల కథలో ఆమె వెతికేది ఖాన్ తల్లి ఆ రాత్రి ఏం తిన్నదని. సంసారం కథలో వెతికేది యుద్ధం ఎక్కడ మొదలైందని. భర్త పోయాక కూడా పట్నం గ్రంథాలయంలో ఆమె అలాగే, ముందు అట్ట చూసి పుస్తకం తీసుకునేది.

షెడ్డులో ఆడవాళ్లు రెండు జట్లు. జూరాకు ఖాన్‌లు కావాలి, ముట్టడులు కావాలి. "అత్తాకోడళ్ల ఏడుపు మా ఇంట్లో ఊరికే దొరుకుతుంది, దానికి పుస్తకమెందుకు?" అనేది. అందరికంటే చిన్నది అక్మరల్, కొత్త కోడలు. ఆమెకు ఆ ఏడుపే కావాలి. అందుకని బూరుల్ ఉదయం టీ వేళ సంసారం కథ, మధ్యాహ్నం తివాచీ దొర్లించేటప్పుడు ఖాన్‌ల కథ చదివేది. నిన్న ఉదయం సంసారం కథలో ముసలితల్లి ఉల్జాన్ చనిపోయింది. అక్మరల్ ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. జూరా మాత్రం టీ తాగేసి, గిన్నె బోర్లించి లేచిపోయింది.

ఇవాళ శుక్రవారం. టీ నీళ్లు మరిగాయి. బండి మీద ఉన్ని తెచ్చిన ముసలి సత్తార్ కూడా వచ్చి కూర్చున్నాడు. అప్పుడు జూరా తన సంచిలోంచి గుడ్డమూట తీసి మధ్యలో పెట్టి విప్పింది. నూనెలో కాల్చిన పలచని రొట్టెలు, ఏడు. చనిపోయినవాళ్ల పేర కాల్చేవి. ఆ నూనె వాసన వాళ్లకు అందుతుందని అక్కడివాళ్ల నమ్మకం.

అక్మరల్ చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఎవరికి, ఎజే?" పెద్దక్కను వాళ్లు అలాగే పిలుస్తారు. "మీ ఇంట్లో ఎవరైనా...?"

"మా ఇంట్లో ఎవరూ పోలేదు. ముసలమ్మకి."

"ఏ ముసలమ్మకి?"

జూరా ఎవరి ముఖమూ చూడకుండా టీ పోస్తోంది. "నిన్న పోయిందిగా, ఆ ఉల్జాన్."

అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. జూరా మెడ ఎర్రబడింది.

"నవ్వండి, నవ్వండి. ముగ్గురు కొడుకులూ ఇల్లు పంచుకునే గొడవలో ఉన్నారు. ఒక్కడైనా నూనె మరిగించాడా? నేను చెవి పెట్టి విన్నాను. ఎక్కడా లేదు. అంత మనిషిని అలా గాలికి వదిలేస్తామా?"

నవ్వు దానంతటదే ఆగింది. నిజమే, ఎవరూ కాల్చలేదు.

సత్తార్ గడ్డం సవరించుకున్నాడు. "సరే, ప్రార్థన చదువుతాను. ఎవరి కూతురు? తండ్రి పేరు చెప్పకపోతే ఎలా చదవను?"

అందరూ బూరుల్ వైపు తిరిగారు.

"బోరంబాయ్ కూతురు," అంది బూరుల్. "మొదట్లోనే ఉంది, పెళ్లి దగ్గర."

"మంచి పేరే." సత్తార్ కళ్లు మూసుకుని, అరచేతులు పైకెత్తి, చనిపోయినవాళ్ల కోసం చదివేది మొత్తం చదివాడు, ఒక్క మాట కుదించలేదు. అందరూ ముఖాల మీదుగా చేతులు దించుకున్నారు. "ఇది ఎవరికి చేరాలో దేవుడే చూసుకుంటాడు," అని మొదటి రొట్టె తుంచాడు.

బూరుల్ తన ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. వీపు మూటలకు ఆనించడం మానేసి నిటారుగా కూర్చుంది. పెళ్లికూతురిగా ఈ ఊరికి వచ్చిన రోజున అత్తగారి బంధువులందరి ముందూ అలా కూర్చున్నట్టు గుర్తు. ముక్కను నెమ్మదిగా, నలుసైనా రాలకుండా తింది.

"వచ్చే నెల మాట," అంది జూరా, గిన్నెలు సర్దుతూ.

"ఆఁ?"

"ఏం లేదు. రా. ఆ పై నెల కూడా రా. నీళ్లు మాత్రం ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను."

"మరి నా పనేంటి?"

"చదవడం పని కాదని ఎవరన్నారు నీతో?"

మధ్యాహ్నం, పొద్దున ఉన్నితో కలిపి చుట్టిన చాప విప్పి, తడి తివాచీని చుట్టగా చుట్టారు. ఆడవాళ్లు వరుసగా మోకాళ్ల మీద కూర్చుని, గౌను చేతులు పైకి మడిచి, మోచేతులతో దొర్లించడం మొదలుపెట్టారు. చుట్టలోంచి ఆవిరి లేస్తోంది. బూరుల్ గుర్రం బొమ్మ పుస్తకం తెరిచింది.

"అది కాదు," అంది జూరా, తల తిప్పకుండా. "ఆ ముసలమ్మ కోడలేమైందో చదువు."

"కోటలో నీళ్లు అయిపోయాయి. ఖాన్‌ను అలా దాహంతో వదిలేయమంటావా?"

"ఆగనీ. రాజులక్కూడా ఆగడం అలవాటు కావాలి."

వరుస పొడవునా నవ్వు పాకింది. బూరుల్ కూడా నవ్వి పుస్తకం మార్చింది.

ఆమె గొంతు పెద్దది కాదు. పాత్రల కోసం గొంతు మార్చేది కాదు, ఏడుపు వస్తే ఏడ్చేది కాదు. పక్కింటి వార్త చెబుతున్నట్టు చదివేది. కోడలు అత్తగారి పెట్టె తెరిచింది. పైన పెళ్లినాటి కోటు. దాని కింద చిన్నపిల్లల బట్టలు. అవి తన భర్త చిన్నప్పటివి అనుకుంది కోడలు. చేతిలోకి తీసుకుని చూస్తే కొత్తవి, ఒక్కసారి కూడా తొడగనివి. కోడలికి ఇంకా పుట్టని బిడ్డ కోసం అత్తగారు కుట్టినవి.

"అయ్యో, అమ్మా," అంది అక్మరల్.

చుట్ట ముందుకు దొర్లింది, వెనక్కి దొర్లింది. చదువు ఆగింది. ఊపిరి కోసం బూరుల్ అప్పుడప్పుడూ ఆగడం అలవాటే కనుక ఎవరూ తలెత్తలేదు. చుట్ట మళ్లీ ముందుకు వెళ్లి వచ్చింది.

"ఊఁ, తరవాత?" అంది జూరా.

"పేజీ తిప్పండి, ఎజే," అంది అక్మరల్.

జూరా వెనక్కి చూసింది. బూరుల్ ఉన్ని మూటలకు తల ఆనించి ఉంది. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. వేలు మాత్రం చదువుతున్న వరుస కిందే ఉంది.

జూరా మోకాళ్ల మీదే ఆమె దగ్గరికి వెళ్లింది. తడి చేయి గౌనుకు తుడుచుకుని, బూరుల్ మెడ దగ్గర వేళ్లు పెట్టి చాలాసేపు ఉంది. తరువాత కళ్లద్దాలు తీసి మడిచింది. అక్మరల్ అప్పటికే ఏడుస్తోంది.

వేడి మీద ఉన్న తివాచీని మధ్యలో వదిలేస్తే ఉన్ని పట్టు కుదరదు, విడిపోతుంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇద్దరు బూరుల్ పక్కన కూర్చున్నారు. మిగతావాళ్లు ఏడుస్తూనే దొర్లించి పని ముగించారు. అప్పుడు సత్తార్ బండిలో గడ్డి పరిచి, ఆమెను ఇంటికి తీసుకువెళ్లారు.

పొద్దు వాలేవేళకు కొండ అవతలి ఊరినుంచి కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి కాస్త తేరుకున్నాక అడిగింది. "ఇంట్లోనేనా పోయింది?"

"ఇంట్లో ఎందుకు పోతుంది?" జూరా గొంతు వాకిట్లో ఉన్న మగవాళ్లకు కూడా వినిపించింది. "పనిలో పోయింది. చదువుతూ పోయింది. మేమంతా వింటున్నాం."

తిరిగి వచ్చి జూరా షెడ్డు తలుపుకు గొళ్లెం పెట్టింది. మెత్తటి తోలు మేజోళ్ల మీద తొడుక్కునే రబ్బరు చెప్పులు అందరూ గడప బయటే విడుస్తారు. వెళ్లేటప్పుడు ఎవరివి వాళ్లు తొడుక్కుని వెళ్లారు. వరుస చివర మాత్రం ఒక చిన్న జత, ఎడమ మడమ అరిగి, లోపలి ఎర్ర గుడ్డ వెలిసిపోయి, మొనలు తలుపు వైపే పెట్టుకుని ఉంది.