ముక్కలు చేసి దాచేదాన్ని

అక్టోబరు పదకొండు నాకు బాగా గుర్తు. ఆయుధపూజ. అందరూ పులిహోర, గుగ్గిళ్లు తిన్నారు. నా మీద కొబ్బరినీళ్లు పోశారు.

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ని. విశాఖపట్నంలో తుఫానుల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో పది కంప్యూటర్లను కలిపి ఒకే గిడ్డంగిలా నడిపేదాన్ని. పెద్ద ఫైలు ఏదొచ్చినా ముక్కలు చేసి పదింటికీ పంచుతాను. అడిగితే అన్నిచోట్ల నుంచీ ఒకేసారి తెచ్చి అతికించి ఇస్తాను.

నన్ను రాసినవాళ్లు ఎక్కడెక్కడో ఉండి, ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు. అయినా ఒక జాగ్రత్త పెట్టారు: ప్రతి ముక్కకూ వేరే యంత్రంలో ఇంకో ప్రతి ఉండాలి. దానివల్ల పని కాస్త నెమ్మదిస్తుంది. నా ప్రారంభోత్సవం నాటికి డైరెక్టర్ రాజశేఖరం గారికి ఫ్లెక్సీ మీద నా వేగం చూపే పెద్ద అంకె కావలసి వచ్చింది.

“ఆ రెండో ప్రతి తీసెయ్యవయ్యా, వేగం పెరుగుతుంది.”

“ఒకటి పోతే ఏటి సార్ గతి?” అన్నాడు నన్ను చూసుకునే సన్యాసిరావు.

“శుభమా అని మొదలుపెడుతుంటే పోవడం మాటెందుకు?”

ఫ్లెక్సీ వచ్చింది. రెండో ప్రతి పోయింది. ఉప్పెనల మీద పీహెచ్‌డీ చేస్తున్న ఇందుమతి తన నాలుగేళ్ల లెక్కలన్నీ నన్ను నమ్మి పెట్టింది. అంత పెద్ద చోటు ఆమెకు ఇంకెవరిస్తారు?

పూజ నాడు కొబ్బరికాయ గుమ్మం బయట కొడదామన్నాడు పురోహితుడు. ఆయుధం లోపలుంటే బయటెందుకని డైరెక్టర్ గారు యంత్రాల ముందే కొట్టారు. నీళ్లు లోపలికి చిమ్మి చిటపటమంది. ఒక యంత్రం డిస్కులతో సహా కాలిపోయింది. ఇందుమతి పెద్ద ఫైళ్లన్నిటికీ చిల్లులు పడ్డాయి. ఏ ఒక్కటీ తెరుచుకోలేదు.

“పదింట తొమ్మిది మిగిలాయి కదమ్మా!” అన్నారు డైరెక్టర్ గారు.

“మీ కారుకి మూడు చక్రాలు మిగిలితే ఇంటికెళ్తారా సార్?” అంది ఇందుమతి.

చిన్న ఫైళ్లను నేను ముక్కలు చేయను. అందుకని ఆమె రాసుకున్న ప్రోగ్రాములు చాలావరకు బతికాయి. అవి దక్కితే లెక్కలు మళ్లీ మొదటి నుంచి వేసుకోవచ్చు. కానీ ఒక్కొక్కటే వెతికి ఏరుకోవాలి. ఈలోగా డైరెక్టర్ గారు మరో ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టించారు. మూడోరోజు సాయంత్రానికల్లా నన్ను తుడిచేసి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలట. దానికీ రెండో ప్రతి వద్దన్నారు.

ఆ రోజు చీకటి పడుతుండగా ఫోన్ మోగింది.

“తుడిచేశావా?”

“ఎప్పుడో అయిపోనాది సార్,” అన్నాడు సన్యాసిరావు.

ఇందుమతి తెర మీంచి తలెత్తింది. “నా మూలాన మాట పడతారు మీరు.”

“మాటలు నాకు కొత్తేటమ్మా? నువ్వు ఏరుకో. ఫ్లాస్కులో టీ ఉంది.”

ఆమె మళ్లీ వంగి వెతకసాగింది. ఉన్నవి ఇచ్చాను. పోయినవాటి పేర్లు మాత్రం నా దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆమె పేరు పెట్టి అడిగిన ప్రతిసారీ లేదని చెప్పవలసి వచ్చింది. తెల్లారితే నేనుండను. సన్యాసిరావు ఏసీ గాలి ఆమెకు తగలకుండా దాని రెక్కలు పక్కకు తిప్పి, బయటికెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.